బిడ్డ పెళ్లి ఎఫ్‌డీ విరగ్గొట్టి వెబ్‌సైటా?

నారాయణపేట నుంచి ఒకమ్మ రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంట్లో ఆరు మగ్గాలు, ముందర చిన్న దుకాణం. ఏడాదికి అమ్మకం రూ.18 లక్షలు. చీర సగటు ధర రూ.2,400, నూలు, రంగు, కూలి కలిపి రూ.1,750 పడుతుంది. ఇల్లు గడిచాక నెలకు రూ.12 వేలు మిగులుతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ‘ఇంకా దుకాణం మీదే కూర్చుంటే ఎట్లా, ఆన్‌లైన్‌కు పోదాం’ అంటున్నాడు. వెబ్‌సైట్, యాప్ కలిపి రూ.3.80 లక్షలకు ఒకరు కొటేషన్ ఇచ్చారు. ఉన్నది బిడ్డ పెళ్లికి దాచిన రూ.5 లక్షల ఎఫ్‌డీ, తొమ్మిది తులాల బంగారం. పెళ్లి ఏడాదిన్నరలో. ఎఫ్‌డీ విరగ్గొట్టాలా, బంగారం కుదువ పెట్టాలా, ఖాతాలు ఎవరి పేరు మీద తెరవాలి అన్నది ప్రశ్న.

అమ్మా, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, బంగారం కూడా బయటికి తీయొద్దు. అట్లని మీ అబ్బాయి చెప్పింది తప్పు కాదు. ఆన్‌లైన్‌కు పోవాల్సిందే. కొటేషనే తప్పు.

మీ లెక్కతోనే చూద్దాం. చీరకు మీకు మిగిలేది రూ.650. రూ.3.80 లక్షలు తిరిగి రావాలంటే 585 చీరల లాభం మొత్తం అటే పోవాలి. మీ ఆరు మగ్గాల మీద ఏడాదికి దిగేవి దాదాపు 750. అంటే తొమ్మిది నెలల పైచిలుకు నేత ఒక యాప్‌కు ధారపోసినట్టు. నెలకు అరవై రెండు చీరలు అమ్మే ఇంటికి యాప్ ఎందుకు? చీర కొనడానికి ఫోన్‌లో ఇంకో యాప్ ఎక్కించుకునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?

ఈ మాట అనడానికి నాకో కారణం ఉంది. కొన్నేళ్ల కింద నల్గొండలో నా క్లయింట్ ఒకాయన బత్తాయిలు నేరుగా ఇళ్లకు పంపుతానని వెబ్‌సైట్ చేయించాడు. ఖర్చు లెక్కలు చూసి సరేనన్నది నేనే. ఏడాది తిరిగేసరికి చేసినతను ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆరా తీస్తే డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, అతని ఈమెయిల్ మీదే ఉంది, పాస్‌వర్డ్ అతని దగ్గరే. అంత డబ్బు పెట్టినా దుకాణం బోర్డు పరాయివాడి పేరు మీద ఉన్నట్టు అయింది. ఆ ఒక్క ప్రశ్న ముందే అడగనందుకు నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

ఇప్పుడు పెద్ద అమ్మకపు సైట్ల సంగతి. కమీషన్ 15 శాతం అనుకుందాం, మీకు చెప్పే రేటు వేరేగా ఉంటే ఆ అంకె వేసుకోండి. రూ.2,400 చీరకు కమీషన్ రూ.360, కొరియర్ రూ.110, డబ్బా, కవరు రూ.40. మీ రూ.650లో మిగిలేది రూ.140. పది చీరలు పంపితే రెండు వెనక్కి వచ్చాయనుకోండి. వాటికి రానూపోనూ కొరియర్, ప్యాకింగ్ కలిపి రూ.520. ఎనిమిది చీరల మీద వచ్చిన రూ.1,120లోంచి అది తీసేస్తే చేతిలో ఉండేది రూ.600. దుకాణంలో ఒక్క చీర అమ్మితే వచ్చేదాని కన్నా రూ.50 తక్కువే. ఇది ముందు తెలియక ఆర్డర్లు వస్తున్నాయని సంబరపడి, దసరా నాటికి నూలు కొట్టులో అప్పు పెట్టినవాళ్లను చూశాను.

పైగా చీర కొన్నవాళ్లకు చేరి, వాపసు గడువు దాటాక కానీ సైటు వాళ్లు డబ్బు వేయరు. మీ నేతన్నలకు మాత్రం కూలి వారం వారం ఇవ్వాలి. నెలకు ముప్పై చీరలు అట్లా పోతే, వాటిలో సగం చీరల మీద మీరు పెట్టిన ఖర్చు, అంటే రూ.26 వేలు, ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. ఆన్‌లైన్ వ్యాపారానికి అసలు పెట్టుబడి ఇదే. కొటేషన్‌లో ఇది ఎవరూ రాయరు.

అందుకే మొదలు వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌తో పెట్టండి. కమీషన్ లేదు. యూపీఐకి దుకాణదారు దగ్గర చార్జీ లేదు. కొరియర్ కొనేవాళ్ల మీద వేస్తే, ప్యాకింగ్ పోను చీరకు రూ.610 మిగులుతుంది. దుకాణానికి వచ్చి కొన్నవాళ్ల నంబర్లు బిల్లు బుక్కులో ఉంటాయి కదా, మీ మొదటి గిరాకీ వాళ్లే. దాంతోపాటు కేంద్ర జౌళి శాఖ ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ చూడండి, నేతవాళ్ల దగ్గర అక్కడ కమీషన్ తీసుకోరు. చిన్న పరిశ్రమలను ఓఎన్‌డీసీ అనే ప్రభుత్వ తోడ్పాటున్న ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్‌లోకి తేవడానికి 2024 జూన్‌లో ‘టీమ్’ అనే పథకం మొదలైంది. లక్ష్యం 5 లక్షల సంస్థలు, అందులో సగం మహిళలవి. దానికి ఉద్యం, అంటే చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు, కావాలి. ఆధార్‌తో ఉచితంగా అయ్యే పని అది, ఎవరైనా రూ.2 వేలు అడిగితే లేచి వచ్చేయండి.

మీకు ఒక సౌకర్యం ఉంది, మీరు గమనించారో లేదో. నారాయణపేట మగ్గం మీద ఎనిమిది చీరలకు ఒకేసారి పడుగు (నిలువు దారాలు) ఎక్కిస్తారు. రెడీమేడ్ బట్టల దుకాణం వాళ్లలా రోజూ కొత్త ఫొటోలు పెట్టే పని లేదు. ఒక్కసారి బాగా తీస్తే ఎనిమిది అమ్మవచ్చు. పొద్దున తొమ్మిదింటికి అరుగు మీద నీడపట్టున తీయండి, ట్యూబ్‌లైట్ కింద వద్దు. ఎరుపు కాస్త ఇటుక రంగులా పడితే చాలు, ఆ చీర వెనక్కే వస్తుంది. అంచు దగ్గరగా ఒకటి, కొంగు ఒకటి, చీర తిప్పి వెనకవైపు ఒకటి. మీ ధరలో సగానికే నారాయణపేట పేరు పెట్టి పవర్‌లూమ్ చీర అమ్మేవాళ్లున్న చోట ఆ వెనకవైపు ఫొటోయే మీకు సాక్ష్యం. చేతినేతలో అక్కడక్కడా ముడి ఉంటుందని కింద రాసేయండి. చీర డబ్బాలో పెట్టేటప్పుడు ఫోన్‌తో వీడియో తీసి ఉంచండి.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరపడతారు. పక్కనున్న కర్ణాటకలో, ఆంధ్రలో సరుకు వ్యాపారికి ఏడాది అమ్మకం రూ.40 లక్షల దాకా నమోదు అక్కర్లేదు, మన తెలంగాణలో ఆ హద్దు రూ.20 లక్షలే. మీరు రూ.18 లక్షల్లో ఉన్నారు, ఆన్‌లైన్ కలిస్తే దాటేస్తారు. సైట్ల ద్వారా రాష్ట్రం బయటికి అమ్మాలంటే టర్నోవర్ ఎంతైనా నమోదు తప్పదు. నేరుగా పంపే చేనేతకు షరతులతో మినహాయింపు ఉంది, దాన్ని ఆడిటర్‌కు చూపించుకోండి. నా మాటైతే, ఇప్పుడే నమోదు చేయించేయండి. సైటు వాళ్లు జీఎస్టీ కింద 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం పట్టుకుంటారు. అది మీ పన్ను ఖాతాలోనే జమ ఉంటుంది, రిటర్న్ వేసినప్పుడు వాడుకోవచ్చు.

డబ్బు ఎంత కావాలంటే, ఫోన్ స్టాండు, లైటు రూ.4 వేలు, డబ్బాలు, కవర్లు రూ.5 వేలు, ఆడిటర్‌కు రూ.10 వేలు, దారిలో ఉండే చీరల కోసం రూ.26 వేలు. మొత్తం రూ.45 వేలు. మీ మిగులులోంచి నాలుగు నెలల్లో వస్తుంది. ఆ తర్వాత ఏడాది అమ్మకం అంతా ఒకే కరెంటు ఖాతాలో నడిస్తే, ఆ స్టేట్‌మెంట్ చూపి ప్రభుత్వ ముద్ర రుణ పథకంలో కిశోర్ అనే విభాగం కింద రూ.5 లక్షల దాకా తాకట్టు లేకుండా అడగవచ్చు. వెబ్‌సైట్ అప్పుడు చూద్దాం, యాప్ మాట మాత్రం మరిచిపోండి.

ఇంకొకటి. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెడతారు, ఖాతాలో పడితేనే చీర కట్టండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమంటే అది మోసమే. ఒకవేళ పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఖాతాలు ఎవరి పేరు మీద అని అడిగారు. ఉద్యం, కరెంటు ఖాతా, జీఎస్టీ, రేపు డొమైన్ తీసుకుంటే అదీ, అన్నీ మీ పేరు మీదే. టీమ్ పథకంలో మహిళల వాటా కిందా పనికొస్తుంది. ఫొటోలు, కేటలాగ్ అబ్బాయికి అప్పగించండి. యాప్ వద్దన్నారని కోపం చేస్తే నా పేరు చెప్పండి.