గ్యాస్ ఖర్చయ్యేది కాదు, కారిపోయేది

ప్రశ్న: మాది విశాఖపట్నం. మేడ మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. 2020లో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ కొన్నాం. మూడేళ్లుగా ప్రతి వేసవికీ సర్వీసుకు వచ్చిన అబ్బాయి గ్యాస్ అయిపోయిందంటూ నింపి వెళ్తున్నాడు. ఈసారి మూడు వేలు తీసుకున్నాడు. రెండు నెలలు తిరగకుండానే గది మళ్లీ చల్లబడడం మానేసింది. ఏసీకి ఏటా గ్యాస్ నింపించాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలు లాంటిది కాదు, మండి ఖర్చయిపోదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపలి కాయిల్లో, అంటే మెలికలు తిరిగిన గొట్టాల చట్రంలో, ఆవిరై గదిలోని వేడిని పీల్చుకుంటుంది, బయటి యూనిట్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది. గొట్టాలు గట్టిగా ఉంటే ఏసీ జీవితకాలమంతా ఆ గ్యాసే సరిపోతుంది. విజయవాడలో నేను పని నేర్చుకున్న కొత్తలో, 1994లో, మా మేస్త్రీతో కలిసి ఒక డాక్టరుగారింట్లో కిటికీ ఏసీ బిగించాను. పంతొమ్మిదేళ్ల తరువాత దాన్ని తీసి పాతసామాన్లకు వేసిందీ నేనే. ఆ పంతొమ్మిదేళ్లలో దానికి ఒక్కసారి కూడా గ్యాస్ పట్టలేదు.

మీ ఏసీలో గ్యాస్ నిజంగానే తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చోటు వెతకకుండా నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. నాకు బాధ కలిగేది ఇక్కడే. డబ్బు పోవడం ఒక్కటే కాదు, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌కు కూడా ముప్పు. తిరిగి వచ్చే చల్లటి గ్యాసే దాన్ని చల్లబరుస్తుంది. గ్యాస్ తక్కువైతే కంప్రెసర్ వేడెక్కి, గంటల తరబడి ఆగకుండా తిరిగి తిరిగి చివరికి కాలిపోతుంది. అందుకే లీకు సంగతి తేలేవరకు ఆ ఏసీ వేయకండి.

అసలు గ్యాస్ తగ్గిందో లేదో ముందు మీరే కొంత గమనించవచ్చు. ఇందుకోసం కాసేపు మాత్రం ఏసీ వేసి గాలి వచ్చేచోట చెయ్యి పెట్టండి. గాలే నీరసంగా వస్తుంటే తప్పు ఫిల్టర్‌లోనో, కాయిల్ మీదో, గాలిని గదిలోకి తోసే బ్లోయర్‌కు పట్టిన మట్టిలోనో ఉంటుంది. గాలి జోరుగా వస్తూ చల్లదనం లేకపోతే గ్యాస్‌ను అనుమానించవచ్చు. బయటి యూనిట్ దుమ్ముతో మూసుకుపోయినా, దాని ఫ్యాను తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ బలహీనపడినా ఇదే కనిపిస్తుంది కాబట్టి అవీ చూడాలి. కాయిల్ మీద మంచు పేరుకోవడం మాత్రం రెండు రోగాలకూ గుర్తే, దాన్నిబట్టి తేల్చలేం.

లీకు వెతకడంలో మంత్రమేమీ లేదు. బయటి యూనిట్ పక్కన రాగి గొట్టాలు కలిసేచోట రెండు ఇత్తడి నట్లు ఉంటాయి. నేను ముందుగా వాటి కిందే వేలు పెట్టి చూస్తాను. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. దానికి దుమ్ము అంటుకుని, దీపం కుందె అడుగున చేరే మడ్డిలా నల్లగా, జిడ్డుగా వేలికి తగులుతుంది. అక్కడ సబ్బు నురగ రాస్తే క్షణం సేపు ఏమీ ఉండదు. తరువాత ఆవగింజంత బుడగ లేచి, మెల్లగా శనగగింజంతై పగులుతుంది. దాని పక్కనే ఇంకొకటి. అదే మీ మూడు వేలు పోయిన దారి.

నట్లు బాగుంటే మీ విషయంలో బయటి కాయిల్‌నే అనుమానించాలి. సముద్రపు గాలిలోని ఉప్పు కాయిల్ మీది పలుచటి అల్యూమినియం రెక్కలనూ, రాగి గొట్టాలనూ తినేస్తుంది. సూర్యలంక దగ్గర ఒకరింట్లో నేను చూసిన యూనిట్ అయితే వేలు తగలగానే రెక్కలు తెల్లటి పొడిగా రాలాయి. అలాంటి స్థితిలో ఒక చిల్లుకు అతుకు వేసినా పక్కన ఇంకొకటి పడుతుంది. కాయిల్ మార్చుకోవడమే నయం. ముందు వారంటీ కార్డు తీసి కాయిల్‌కు ఎన్నేళ్లు రాశారో చూడండి. కొత్తది వేయించాక నెలకోసారి మెయిన్ స్విచ్చి కట్టేసి, మామూలు మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడగండి. నీటిని జోరుగా కొట్టే యంత్రాలు వద్దు, రెక్కలు వంగిపోతాయి.

ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు పక్కనే నిలబడి మూడు మాటలు అడగండి. గొట్టాల్లోకి నైట్రోజన్ ఒత్తిడితో ఎక్కించి లీకు చూశారా? బాగుచేశాక వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో గాలీ తేమా లాగేశారా? గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తున్నారా? ఎంత పట్టాలో, ఏ గ్యాసో బయటి యూనిట్ మీది ప్లేటులో ఉంటుంది. అక్కడ ఆర్-32 అని ఉంటే అది మంట అంటుకునే గుణం కొంత ఉన్న గ్యాస్ కనుక, లోపలి గ్యాస్ పూర్తిగా తీయకుండా గొట్టాలకు మంట పెట్టి అతకనివ్వకండి. ఒక గ్యాస్ మీద ఇంకో రకం కలపనివ్వకండి.

ఆ అబ్బాయినొక్కడినే నేను తప్పుపట్టను. ఏప్రిల్‌లో రోజుకు పది ఇళ్లు తిరిగేవాడికి లీకు వెతికే తీరిక ఎక్కడిది? సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలోపే పిలవండి. అప్పుడు అదే మనిషి రెండు గంటలు కూర్చుని శ్రద్ధగా చేస్తాడు.

ప్రశ్న: వరంగల్‌లో ఉంటాం. నెల రోజులుగా ఏసీ లోపలి యూనిట్ నుంచి మంచం మీద నీళ్లు పడుతున్నాయి. సర్వీసు చేయించి మూడు నెలలే అయింది.

జవాబు: డ్రెయిన్ పైపు బయటికి వచ్చే చోటికి వెళ్లి చూడండి. చాలామంది ఆ నీళ్లు మొక్కలకు వాడుకుందామని కింద బకెట్ పెడతారు, మంచి అలవాటే. కానీ బకెట్ నిండి పైపు కొస నీళ్లలో మునిగితే లోపలి గాలి అడ్డుపడి నీళ్లు దిగవు. కొస ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి. అది సరిగానే ఉంటే పైపులో పాకుడు పట్టి ఉంటుంది, లేదా మధ్యలో ఎక్కడో పైపు పైకి లేచి వాలు తప్పి ఉంటుంది. ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. ఫిల్టర్ మూసుకుపోతే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. ఏసీ ఆపగానే అది ఒక్కసారిగా కరిగి, ట్రే పట్టక మంచం మీదికి వస్తుంది.

ప్రశ్న: 18 డిగ్రీలు పెడితే గది త్వరగా చల్లబడుతుందా?

జవాబు: మామూలు ఏసీ అయితే 18 పెట్టినా, 24 పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. 18 పెడితే ఆగకుండా ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే. అవసరాన్నిబట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ కూడా మొదట్లో గది వేడిగా ఉన్నంతసేపు దాదాపు పూర్తి జోరుతోనే పనిచేస్తుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో కరెంటు ఆదా చెప్పే స్టార్ గుర్తుతో వచ్చే గది ఏసీలు ముందుగా 24 డిగ్రీలకు అమర్చే రావాలన్న నియమం ఉంది, తరువాత మనం మార్చుకోవచ్చు. 24 మీదో 26 మీదో ఉంచి, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఏసీ గాలి నేరుగా వాళ్ల మీదికి రాకుండా ఏసీలో గాలి వచ్చేచోట ఉండే రెక్కలను పైకి తిప్పండి.