కూలెంట్ పడే చోట వైబ్రేషన్ సెన్సార్ ఎందుకు పోతుంది?
గ్రైండింగ్ మెషిన్ మీద పెట్టిన వైబ్రేషన్ సెన్సార్ రెండు మూడు నెలలకే పోతోంది, ఎలా కాపాడాలి అని అడిగారు కదా. చాలాసార్లు సెన్సార్ బానే ఉంటుందండి, దాని బాడీ స్టెయిన్‌లెస్ స్టీలు, వెల్డ్ చేసి సీల్ చేసేస్తారు, కూలెంట్ (గ్రైండింగ్‌లో వేడి తగ్గడానికి పోసే ద్రవం) దూరేది కనెక్టర్ దగ్గర, కేబుల్ వెంబడే జారుకుంటూ వచ్చి పిన్నుల మధ్య చేరిపోతుంది. పవర్ ఆన్‌లో ఉంచి మల్టీమీటర్‌తో బయాస్ వోల్టేజ్, అంటే సెన్సార్ పనిచేసేటప్పుడు దాని తీగల మధ్య స్థిరంగా ఉండే డీసీ వోల్టేజ్ చూడండి, చాలా మోడళ్ళలో 12 వోల్టుల దగ్గర ఉంటుంది, బాగా పడిపోయిందంటే కనెక్టర్ విప్పి చూడాల్సిందే, లోపల తడో చిలుమో కనిపిస్తుంది. ఈసారి కేబుల్ సెన్సార్‌తోనే కలిసి వచ్చే ఐపీ68 (నీళ్ళలో మునిగినా లోపలికి తడి పోనివ్వని) రకం తీసుకోండి, కేబుల్ మీద తొడుగు పీవీసీ వద్దు, నూనెకి గట్టిపడి పగులుతుంది, టెఫ్లాన్ అయితే ఆగుతుంది. కేబుల్ కనెక్టర్ కన్నా కిందకి ఓ వంపు వేలాడేలా కట్టండి, చుక్కలు అక్కడే కారిపోతాయి. పైన సిలికాన్ సీలెంట్ పూసేస్తే చాలంటారు గానీ నాకైతే నమ్మకం లేదు, ముందే లోపలికెళ్ళిన తడి ఇక బయటకి రాదు.