రసి, లసిక, సీరం

సందేహం: మాస్టారూ, రక్తపరీక్ష రిపోర్టులో సీరం అని ఉంటే దాన్ని తెలుగులో రక్తరసి అంటారని మా అబ్బాయి చెప్పాడు. రసి అంటే పుండులోంచి కారేది కదా? మరి లింఫ్‌ని ఏమనాలి?

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది సరైనదే. లాటిన్‌లో సీరం అంటే పాలు విరిగాక పైన తేలే తేటనీరు. రక్తం గడ్డకట్టాక మిగిలే పచ్చటి తేటకి కూడా ఆ పేరే పెట్టారు, రసి కూడా పల్చటి నీరే, కాబట్టి రక్తరసి అనడంలో తప్పేం లేదు.

అసలు చిక్కు లింఫ్ దగ్గర ఉంది, అంటే ఒంట్లో సన్నటి నాళాల్లో పారే తేటనీటి దగ్గర. పుస్తకాల్లో శోషరసం అని రాసేశారు, శోష అంటే ఎండిపోవడం, శోష వచ్చి పడిపోయాడు అంటాం కదండీ, శరీరమంతా తడిగా పారే దానికి ఆ పేరేమిటి? శోషణ అంటే పీల్చుకోవడం అని సమర్థిస్తారు గానీ చెవికి ముందు తగిలేది ఎండటమే. లసిక అనే చక్కటి పాత మాట ఉండగా ఈ కొత్త మాట దేనికి!

చరకసంహిత శారీరస్థానం 7వ అధ్యాయంలో ఒంట్లో నీళ్ళు 10 దోసిళ్ళు అని లెక్క చెప్పి, చర్మం లోపల ఉండి పుండులో కనబడే నీటిని "వ్రణగతం లసీకాశబ్దం లభతే" అన్నాడు, అంటే పుండుకి చేరాకే దానికి లసీక అనే పేరు. ఎంత నిదానంగా చూసి చెప్పిన మాటో! లస్ ధాతువుకి మెరవడం అని అర్థం. దోక్కుపోయిన మోకాలు పక్కు కట్టకముందు వెలుతురులో చూడండి, సన్నగా ఊరి తళతళలాడుతుంది. లాటిన్ లింఫా అంటే కూడా తేటనీరే. డెన్మార్క్ వైద్యుడు బార్తొలిన్ 1653లో లింఫ్ పారే నాళాలకి పేరు పెట్టినప్పుడు ఆ మాటే తీసుకున్నాడు.

మన రసి ఈ లసిక నుంచే వచ్చిందా అంటే, రలయోరభేదః, అంటే ర, ల ఒకదాని బదులు ఒకటి రావచ్చు అన్నారు కాబట్టి కుదురుతుంది, రసం నుంచి అన్నా కాదనలేం, నా మొగ్గు మాత్రం లసిక వైపే. ఇక పుండులోంచి ఏది కారినా చీము అనేస్తున్నారు ఈమధ్య, చిక్కగా ఉంటేనే చీము, పల్చగా ఉంటే రసి, మన పెద్దవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు.

కాబట్టి లింఫ్‌కి లసిక అనండి, పుండుకి రసి, సీరంకి రక్తరసి అన్నా సీరం అన్నా సరే. పరీక్ష రాసే పిల్లలు మాత్రం ప్రస్తుతానికి పుస్తకంలో ఉన్న శోషరసమే రాయండి, లేకపోతే మార్కులు పోతాయి.