వ్యాసాలు తర్వాత, ముందు సేవల పేజీలు

వారానికి రెండు వ్యాసాలు పెడుతున్నా సైటు నుంచి ఒక్క ఆర్డరూ రావడం లేదు, ఇంకా ఏమి రాయాలి అని అడిగారు. కొన్నాళ్లు కొత్తవి ఆపమంటాను.

మీ సేవలన్నీ ఒకే పేజీలో, ఒక్కో వాక్యంతో సరిపెట్టారు. డబ్బు పెట్టే మనిషి వెతికేది వాటినే కదా! ఒక్కో సేవకు విడి పేజీ పెట్టండి. అందులో ఏమేమి చేస్తారు, ఏవి చేయరు, ఎన్నాళ్లు పడుతుంది, ధర దేన్నిబట్టి మారుతుంది అన్నవి రాయండి. ధర చెప్పడానికి చాలామంది జంకుతారు. కనీసం ఎక్కడ మొదలవుతుందో చెప్పినా, కొనే ఉద్దేశం లేనివారి ఫోన్లు తగ్గుతాయి.

ఏమి రాయాలో ఊహించనక్కర్లేదు. ఫోనులో, వాట్సాప్‌లో జనం అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోండి. సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం సెర్చ్ కన్సోల్‌లోని పర్ఫార్మెన్స్ నివేదిక, ఏ మాటలతో వెతికితే మీ సైటు కనిపించిందో గత 16 నెలల వరకు చూపిస్తుంది. చాలాసార్లు కనిపించినా ఎవరూ నొక్కని పేజీ ఉంటే, ముందు దాని శీర్షిక మార్చండి.

మెటా కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడులో, చదివేవారికి కనిపించకుండా కీలక పదాలు రాసే చోటు) నింపమన్న మీ డిజైనర్ మాట పక్కన పెట్టండి. వెతికినప్పుడు ఫలితాల వరుసను నిర్ణయించే ర్యాంకింగులో దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

ఇవన్నీ అయ్యాక నెలకొక వ్యాసం చాలు. పాత వ్యాసాలను తీసేయకండి, ఒక్కోదానిలో సంబంధిత సేవ పేజీకి లింకు పెట్టండి.