పిడికిలి ఎన్నింటికి ముడిచారో అడుగు

పాలకొల్లు

అమ్మలూ,

భీమవరంలో కీళ్ళవాతం రోగుల రీసెర్చ్‌లో కోఆర్డినేటర్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నర్సు ఉద్యోగంలో చివరి ఎనిమిదేళ్ళూ నేను చేసింది ఈ పనే. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. నర్సాపురం దగ్గర ఊరి నుంచి లేసు అల్లే ఆవిడ ఒకావిడ మా దగ్గరికి వచ్చేది. పొద్దున్న లేచాక వేళ్ళు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయో నిమిషాల్లో రాయాలి. అడిగాను. ఆవిడ ఆలోచిస్తూ కూర్చుంది. బయట ఇరవై మంది ఉన్నారు. "గంట ఉంటుందా?" అన్నాను. "ఉంటుందండి" అంది. రాసేశాను. తర్వాతి నెల "గంటేనా?" అంటే "గంటేనండి" అంది. మూడోసారి మా డాక్టరు గారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "పొద్దున్న సూది ఎన్నింటికి పట్టుకోగలుగుతున్నావమ్మా?" అన్నారు. "మొదట్లో పిల్లలు బడికెళ్ళాక గానీ పట్టలేకపోయేదాన్నండి. ఇప్పుడు పాలు పోయించుకునే వేళకే పట్టేస్తున్నాను" అంది. మందు అంత బాగా పనిచేస్తుంటే నా కాగితాల్లో మాత్రం ప్రతి నెలా గంటే. ఆవిడ అబద్ధమాడలేదు. నేను గంట అన్నాను కాబట్టి కాదంటే బాగుండదనుకుంది. మనవైపు మర్యాద అలాంటిది, నీకు తెలియనిది కాదు.

కాబట్టి జవాబు నువ్వు అందించకు. ప్రశ్న తెలుగు ఫారంలో ఎలా ఉందో అలాగే చదివి ఆగు. నిమిషాల్లో చెప్పలేకపోతే ఎన్నింటికి లేచారు, పిడికిలి ఎన్నింటికి ముడవగలిగారు అని అడిగి లెక్క నువ్వు కట్టు, అలా కట్టానని పక్కన రాయి. నొప్పి గీత దగ్గరా అంతే. ఈ చివర అసలు నొప్పి లేనట్టు, ఆ చివర ఇంతకు మించి ఉండదన్నట్టు అని చెప్పి పెన్ను వాళ్ళ చేతికివ్వు. పక్కన కూర్చున్న కొడుకు "అరవై పెట్టమ్మా" అంటే అతన్ని మంచినీళ్ళు తెమ్మని పంపించు. ఏదైనా తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి, తేదీ, పొడి అక్షరాలు వెయ్యి. వైట్నర్ మీ గదిలోనే ఉంచొద్దు.

జబ్బు ఎంతుందో తెలియడానికి కట్టే కీళ్ళ లెక్కలో 28 కీళ్ళు చూస్తారు కదా. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళ కణుపులు, మోకాళ్ళు, అంతే. పాదాలు అందులో లేవు. ఊడ్పుల్లో రోజంతా బురదలో నిలబడే ఆడవాళ్ళు మొదట చెప్పేది పాదాల నొప్పే. లెక్కలోకి రాదని వాళ్ళ మాట గాలికి వదిలెయ్యకు. డాక్టరుకు చెప్పు, రిమార్కుల్లో రాయి.

మందుల సంగతి ఓపిగ్గా అడగాలి. కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ బిళ్ళ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. "శనివారమా, ఆదివారమా?" అని వాళ్ళ చేతే ఒక రోజు అనిపించి, ఇంట్లో క్యాలెండర్ మీద సున్నా చుట్టమను. ఖాళీ స్ట్రిప్పులు తెమ్మను. విజిట్‌కి బస్సెక్కే ముందు చాలామంది నొప్పి బిళ్ళ వేసుకుంటారు, కొందరు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటారు. వాపు తగ్గితే అది ఏ మందు వల్ల తగ్గిందో ఎవరికీ అంతుపట్టదు. కోప్పడితే వచ్చేసారి దాస్తారు. "చేయించుకుంటే పర్వాలేదండి, ఏ రోజో చెప్పండి చాలు" అను. పిల్లలు కావాలనుకునే వయసు వాళ్ళని గర్భం సంగతి ఒంటరిగా అడుగు, అత్తగారి ముందు అడగొద్దు. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

సంతకం విషయంలో తొందరపడకు. "మా మీద ప్రయోగం చేస్తారా?" అని అడుగుతారు. అడగాలి కూడా. రక్తం తీసి కీళ్ళు చూసే స్టడీ అయితే అంతేనని చెప్పు. కొత్త మందైతే అది పనిచెయ్యకపోవచ్చనీ చెప్పు. చేరకపోయినా, మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగదన్న మాట రెండుసార్లు చెప్పు, ఎందుకంటే మొదటిసారి నమ్మరు. చదువు రానివాళ్ళయితే వేలిముద్ర ఒక్కటే చాలదు, స్టడీతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని వినాలి. చదివిన తర్వాత పిలుచుకొచ్చి సంతకం పెట్టించే సాక్షి సాక్షి కాదు. ఫారం కాపీ ఒకటి వాళ్ళ సంచిలో పెట్టించు. మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి అమెరికాలో 1988లో అనుమతించారు. అంతకు ముందు ఆ మందును పరీక్షించిన ట్రయల్స్‌లో చేరిన ఎవరెవరో రోగులు వేళ్ళు చాపి చూపించబట్టే ఇవాళ మనవాళ్ళు ఆ బిళ్ళ వేసుకోగలుగుతున్నారు. నాకు ఆ తలపు వచ్చినప్పుడల్లా గుండె నిండుతుంది. అయినా ఒప్పించడానికి మాత్రం ఆ మాట వాడకు.

విజిట్ తేదీలు ఆఫీసు క్యాలెండర్ చూసి వెయ్యకు. సార్వా ఊడ్పులు, దాళ్వా కోతలు, సంక్రాంతి, ఇవి చూసి, ప్రోటోకాల్, అంటే స్టడీ నియమాల కాగితం, ఇచ్చిన గడువులోనే ముందుకో వెనక్కో జరుపు. సఖినేటిపల్లి వైపు వాళ్ళు పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం మీదుగా రావాలి. వరదొస్తే పంటు ఆపేస్తారు. ఆగస్టులో గోదావరి పెరుగుతోందని తెలియగానే ఫోన్లు మొదలుపెట్టు. ఫోన్ కొడుకు దగ్గరుంటుంది, ఆ కొడుకు కువైట్‌లో ఉంటాడు, అందుకని రెండో నంబర్ ముందే తీసుకో. ఛార్జీలు, రోగులకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న ప్రకారం ఆ రోజే చేతిలో పెట్టించు. వచ్చే నెల కలిపి ఇస్తామంటే చాలామందికి వచ్చే నెల బస్సు టికెట్టే ఉండదు.

రక్తం ట్యూబు మీద లేబుల్ మనిషి కుర్చీలోంచి లేవకముందే అంటించు. ఎవరైనా ఆసుపత్రిలో చేరారని తెలిస్తే, మన మందు వల్ల కాదనిపించినా అప్పటికప్పుడు డాక్టరుకు చెప్పు. ట్రయల్‌లో దానికి 24 గంటలే గడువు.

ఇంకొక్కటి. లూపస్ అని, ఒంట్లోని రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు, కీళ్ళూ నొప్పెడతాయి. అది వచ్చిన వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అందులోనూ పెళ్ళికెదిగిన పిల్లలు ఎక్కువ. ఎవరి పేరూ బస్సులో, పెళ్ళిళ్ళలో, నాతో కూడా అనకు. మన ఊళ్ళలో ఒక సంబంధం చెడడానికి ఒక్క మాట చాలు.

బుధవారం వస్తానన్నావట. నా పాత కీళ్ళ బొమ్మ చార్టు బీరువాలోంచి తీసి ఉంచాను. పాదాల దగ్గర ఎర్ర పెన్నుతో నేను గీసుకున్న గుర్తులు ఇంకా ఉన్నాయి. తీసుకెళ్ళు.

నీ పెద్దమ్మ