ఉద్యోగం వదిలేస్తే ఇంటికి దగ్గరవుతానా?

ప్రశ్న: నా వయసు 52. ఐఏఎస్‌లో చేరి పాతికేళ్లు దాటింది. కలెక్టరుగా, పెద్ద శాఖలకు అధిపతిగా పనిచేశాను. ఏడాది కిందట ఒక టెండరు ఫైలు మీద, పైనుంచి నోటిమాటగా చెప్పినట్టు సంతకం పెట్టనన్నాను. వారం తిరక్కుండా బదిలీ చేశారు. కొన్నాళ్లు పోస్టింగు ఇవ్వకుండా వెయిటింగులో ఉంచి, చివరికి పనేమీ లేని పోస్టులో వేశారు. నా తర్వాతి బ్యాచ్‌లవాళ్లు కీలక శాఖల్లో ఉన్నారు. నాకు ఫోన్లు రావడం ఆగిపోయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని ఇకనైనా కుటుంబంతో గడపాలని ఉంది. ఆ మాట అంటే నా భార్య "మీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయింది. నా బదిలీల వల్లే ఆమె లెక్చరర్ ఉద్యోగం వదులుకుంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి నేను హాల్లోకి వస్తే తన గదిలోకి వెళ్లిపోతుంది. మొన్న భోజనాల దగ్గర మాక్ టెస్టులో ర్యాంకు ఎంతని అడిగితే, సగంలో చెయ్యి కడిగేసుకుంది. పేదల పక్షాన నిలిచిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారిని ఆదర్శంగా తీసుకుని ఈ సర్వీసులోకి వచ్చాను. నేను చేసిన తప్పేమిటి?
– ఒక సీనియర్ అధికారి

జవాబు: ఆ ఫైలు దగ్గర మీరు ఏ తప్పూ చేయలేదండీ. పైవాళ్లు నోటితో ఇచ్చిన ఆదేశాన్ని రాతపూర్వకంగా ధ్రువీకరించాలని 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలే చెబుతున్నాయి. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత అధికారులు వేసిన కేసులో 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే గట్టిగా చెప్పింది. ఆ మరుసటి ఏడాది ఐఏఎస్‌లకు కేటాయించిన కేడర్ పోస్టుల్లో అధికారిని కనీసం రెండేళ్లు ఉంచాలని నిబంధనా వచ్చింది. అయినా బదిలీలు ఆగలేదని మీకు నేను చెప్పక్కర్లేదు. హర్యానా కేడర్ అధికారి అశోక్ ఖేమ్కా 2025 ఏప్రిల్‌లో రిటైరయ్యేనాటికి 50కి పైగా బదిలీలు చూశారు. మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నది మీ పనితనం మీద తీర్పు కాదు. ఈ మాట ఇంట్లో ఎవరో ఒకరు మీతో అనాలని మీరు ఏడాదిగా ఎదురుచూస్తున్నట్టున్నారు. ఎవరూ అనకపోవడమే బదిలీకన్నా ఎక్కువగా గుచ్చుకుంటోందని నాకనిపిస్తోంది.

అనడానికి వాళ్లకు మనసు రావడం లేదు. ఎందుకో చూడండి. మీ భార్య ఉద్యోగం మానేసినప్పుడు ఆవిడకూ గుర్తింపు పోయింది, ఆవిడకూ ఫోన్లు ఆగిపోయాయి. సహోద్యోగులు దూరమయ్యారు. అప్పుడు మీరు కొత్త జిల్లాలో చార్జి తీసుకునే హడావుడిలో ఉన్నారు. ఇన్నేళ్ల తర్వాత అదే కష్టం మీకొచ్చింది, ఇల్లంతా మీ చుట్టూ చేరాలని మీకుంది. ఆవిడ "మీ ఇష్టం" అనడంలో నాకు నిర్లక్ష్యం కనబడలేదు. మీరు నిర్ణయం చెప్పారే తప్ప సలహా అడగలేదు. ఇన్నాళ్లూ ప్రతి బదిలీ ఆవిడకు అలాగే తెలిసింది కదా, ఉత్తర్వులు వచ్చాక! ఇప్పుడు ఈ రిటైర్మెంటూ అలాగే తెలిసింది.

అందుకే ఒక విషయం నిక్కచ్చిగా చెబుతున్నాను. కుటుంబం కోసమే ఉద్యోగం వదులుతున్నానని అనుకోకండి, వాళ్లతో అసలే అనకండి. మీరు వదలాలనుకుంటున్నది అవమానం భరించలేక. అదీ న్యాయమైన కారణమే, దాన్ని దాచుకోనక్కర్లేదు. కానీ దానికి కుటుంబం పేరు పెడితే, రేపు ఇంట్లో మీరు ఆశించిన ఆదరణ దొరకనప్పుడు "మీకోసం ఇంత చేశాను" అనే మాట వస్తుంది. ఆ మాట మీ అమ్మాయి భరించలేదు.

నిర్ణయానికి తొందరేమీ లేదు. 50 ఏళ్లు నిండాయి కాబట్టి, మూడు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి ఎప్పుడైనా రిటైర్ కావచ్చు. ఆ వీలు వచ్చే ఏడాదీ ఉంటుంది. కోపంలో రాజీనామా మాత్రం రాయకండి. రాజీనామాకూ వాలంటరీ రిటైర్మెంటుకూ చాలా తేడా ఉంది. రాజీనామా చేసినవారికి పదవీ విరమణ ప్రయోజనాలు దక్కవు. మీరు సెలవు పెట్టి ఎంతకాలమైందో ఉత్తరంలో రాయలేదు. పెద్దగా పెట్టి ఉండరని నా ఊహ. ఖాతాలో పేరుకుపోయిన ఆ ఆర్జిత సెలవులోంచి ఒక నెల వాడుకోండి. నెల తర్వాత కూడా ఈ సర్వీసు వద్దనిపిస్తే అప్పుడు మీ భార్యతో కూర్చోండి. పెన్షన్ ఎంతొస్తుంది, ఎక్కడుందాం, తాను మళ్లీ పాఠాలు చెబుతుందా? ఈ మూడింటిలో చివరిది ముందు అడగండి. అడిగాక ఆవిడ ఏమన్నా, ఎంతసేపు అన్నా వినండి. పాతికేళ్ల కోపం బయటికొస్తే రావాలి కూడా. సంజాయిషీలు చెప్పకండి.

అమ్మాయి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ర్యాంకు ఎంతని అడగడం మీకు ప్రేమే కావచ్చు. ఎదుటివాళ్లకు అది రివ్యూ మీటింగే. ఎన్ని స్కూళ్లు మారిందో, ప్రతిచోటా స్నేహితుల్ని వదిలేసి వచ్చేటప్పుడు ఎలా ఉండేదో ఏనాడైనా అడిగారా? ఇప్పుడే అడగొద్దు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పొద్దున కాలేజీకి మీరే దింపండి. దారిలో తను మాట్లాడితే మాట్లాడండి, లేకపోతే ఊరుకోండి. మొదట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటుంది. కూర్చోనివ్వండి.

ఇక శంకరన్ గారి విషయం. ఆ పేరు చదవగానే నాకు మీమీద గౌరవం పెరిగింది. వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడానికి నిలబడ్డ అధికారి, పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి. అయితే ఆయన పెళ్లి చేసుకోలేదు. తన రోజంతా పేదలకిచ్చినా, ఆయన కోసం రాత్రి భోజనం పెట్టుకుని ఎదురుచూసే భార్యగానీ, గుమ్మం వైపు చూసే బిడ్డగానీ లేరు. ఆయన నిజాయితీని మీరు ఆదర్శంగా తీసుకోవచ్చు, తీసుకున్నారు కూడా. ఆయన దినచర్యను తీసుకునే వీలు మీకు లేదు. ఆయన గురించి ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 1992లో రిటైరయ్యాక కుర్చీ, హోదా ఏవీ లేకుండానే సఫాయి కర్మచారుల, అంటే చేతులతో మలం ఎత్తే పనిలో మగ్గుతున్నవారి కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. ఫోన్లు ఆగిపోవడం ఆయన్ను ఆపలేదు.

చివరగా మీ నిద్ర సంగతి. మూడింటికే మెలకువ రావడం, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి ఉంటే సైకియాట్రిస్టును కలవాలి. మీరు చెప్పినదాన్నిబట్టి ఆ గడువు ఎప్పుడో దాటింది. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు సర్కిల్‌లో తెలుస్తుందని జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారమే తీసుకోండి, వెళ్లేటప్పుడు మీ భార్యను కూడా రమ్మని అడగండి.