ఫ్లోరెస్‌లో జీడితోట: స్నేహితుడి పేరు మీద కొంటే నాది అవుతుందా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. వయసు 47. చాలా ఏళ్లు ఓడల్లో పనిచేసి మానేశాను. నాతో పనిచేసిన ఇండోనేషియా స్నేహితుడి సొంతూరు ఫ్లోరెస్ దీవి తూర్పు కొసన, లరంతుకా నుంచి లోపలికి వెళ్తే వచ్చే మారుమూల పల్లె. అక్కడికి వెళ్లి ఉండి వచ్చాను, బాగా నచ్చింది. 60 ఆర్ల (దాదాపు ఎకరంన్నర) జీడితోట, పక్కనే చిన్న ఇల్లు కలిపి 75 కోట్ల రుపియాలు చెబుతున్నారు, మన డబ్బుల్లో సుమారు 40 లక్షలు. విదేశీయుల పేరు మీద రిజిస్ట్రేషన్ కాదట, అందుకని తన పేరు మీద కొని, నిజమైన ఓనర్ని నేనేనని నోటరీ దగ్గర రాసిస్తానంటున్నాడు. తను ఇప్పుడు జావా దీవిలోని సురబయాలో కాపురం ఉంటున్నాడు. భూమికి గ్రామాధికారి ఇచ్చిన కాగితమే ఉంది, సర్టిఫికెట్ లేదు. 3 లక్షలు బయానా కూడా ఇచ్చాను. మిగతా డబ్బు పంపొచ్చా?

జవాబు: పంపొద్దు. మీ స్నేహితుడు మంచివాడా కాదా అన్నది నేను అడగను, ఎంత మంచివాడైనా తన చేతిలో లేని హక్కును మీకు రాసివ్వలేడు. మీరు చెప్తున్నది మన భాషలో బినామీ, అక్కడ దాన్ని నోమినీ అని ముద్దుగా పిలుస్తారు, బాలిలో దీని మీదే బతికే ఏజెంట్లున్నారు.

ఇండోనేషియా భూమికి మూల చట్టం 1960 నాటి 5వ నంబరు వ్యవసాయ భూ చట్టం. పూర్తి యాజమాన్య హక్కును వాళ్లు హక్ మిలిక్ అంటారు, అది ఆ దేశ పౌరులకే. ఆ మాట 21వ నిబంధనలో ఉంది గానీ అసలు దెబ్బ 26వ నిబంధన రెండో క్లాజులో ఉంది: నేరుగా గానీ చాటుగా గానీ విదేశీయుడికి హక్ మిలిక్ చేరేలా చేసిన ఏ లావాదేవీ అయినా దానంతటదే చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడగడానికి లేదు. చాటుగా అన్న మాట చట్టంలోనే ఉంది, చూశారుగా. అంటే మీ నోటరీ కాగితాలు కోర్టులో మీకు సాక్ష్యం కావు, మీరు చట్టాన్ని తప్పించుకోబోయారనడానికి సాక్ష్యం అవుతాయి.

సాధారణంగా ఆ కట్టలో ఏముంటాయంటే, ఆయన మీ దగ్గర అంత అప్పు తీసుకున్నట్టు ఒక పత్రం, భూమి అమ్ముకోవడానికి మీకు ఒక పవర్, దీర్ఘకాలం లీజు ఇచ్చినట్టు ఒకటి, డబ్బు మీదేనని ఒప్పుకుంటూ ఒకటి. రద్దు చేయడానికి వీల్లేని పవర్ ఆఫ్ అటార్నీతో భూమి చేతులు మార్చడాన్ని అక్కడి హోం శాఖ 1982లోనే నిషేధించింది. 2020లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు ఇచ్చిన 10వ సర్క్యులర్‌లో అయితే ఇక మొహమాటం లేకుండా చెప్పేసింది, డబ్బు ఎవరిదైనా సర్టిఫికెట్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. మీది శ్రీకాకుళం జిల్లా కాబట్టి మీకు చెప్పడం తేలిక: ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి దక్కకుండా చేసిన 1/70 చట్టం ఉండగా గిరిజనుడి పేరు మీద భూమి కొని, అసలు యజమాని నేనేనని స్టాంపు పేపరు దాచుకున్నవాడి పరిస్థితి ఎలా ఉంటుందో మీదీ అంతే, పైగా మీరు ఆ దేశం మనిషి కూడా కాదు.

సరే, చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి, మీ వాడు మాట మీద నిలబడ్డాడనే అనుకుందాం. రేపు అతనికి ఏమన్నా అయితే తోట భార్యాపిల్లల చేతికి వెళ్తుంది, వాళ్లకు మీరెవరు? అతనికి బ్యాంకు బాకీ ఉంటే జప్తు తోట మీదికే వస్తుంది.

ఇంకో చిక్కు మీరు గమనించినట్టు లేదు. అతను సురబయాలో ఉంటున్నాడన్నారు. వ్యవసాయ భూమి ఉన్న ఉప జిల్లాలో గానీ దానికి ఆనుకుని ఉన్న ఉప జిల్లాలో గానీ కాపురం లేనివాడు ఆ భూమిని సొంతం చేసుకోకూడదని 1961లో తెచ్చిన 224వ నంబరు ప్రభుత్వ నియమం చెబుతోంది. అంటే అతను తన కోసం కొనుక్కుంటానన్నా చిక్కే. దీన్ని పట్టించుకోనివాళ్లు బోలెడుమంది ఉంటారు, కానీ గొడవ వచ్చిన రోజు అవతలి లాయరు ముందు తీసేది ఇదే.

ఇక ఆ గ్రామాధికారి కాగితం. అది భూమి ఫలానావాళ్ల అనుభవంలో ఉందని చెప్పే ధ్రువీకరణ, పట్టా కాదు. భూ శాఖ ఆఫీసులో కొలతలు, హద్దురాళ్లు, పక్క పొలాలవాళ్ల సంతకాలు, బహిరంగ ప్రకటన అన్నీ అయ్యాక వచ్చే సర్టిఫికెటే అసలు కాగితం. అమ్మకం దస్తావేజు రాయాల్సింది కూడా పీపీఏటీ అనే భూ దస్తావేజుల అధికారి, మామూలు నోటరీ ఒక్కడూ చాలడు. అన్నిటికన్నా ముఖ్యం, తూర్పు ఫ్లోరెస్‌లో నేల చాలాచోట్ల వంశానిది, వ్యక్తిది కాదు. మొదట ఊరు కట్టిన వంశం పెద్దను తువాన్ తానా అంటారు, ఆయన మాట లేకుండా ఏ కుటుంబమైనా అమ్మితే పదేళ్ల తరవాత కూడా ఎవరో ఒక మేనల్లుడు వచ్చి మా వాటా ఏదీ అంటాడు. కాగితంలో సంతకం ఒకరిదే ఉండి, మీరు వెళ్లినప్పుడు తోటలో కాయలు ఏరుతున్నవాళ్లు వేరే ఇంటివాళ్లైతే అక్కడే ఆగిపోండి. అది అటవీ హద్దులో ఉందేమో, లెవోటోబి అగ్నిపర్వతం ప్రమాద పరిధిలో ఉందేమో కూడా చూడాలి. 2024 నవంబరులో అది పేలి మనుషులు చనిపోయారు, చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు, అది మీ లరంతుకా ఉన్న జిల్లాలోనే.

మరి చట్టబద్ధంగా దారి లేదా అంటే ఉంది, మీ జేబుకు సరిపోదు. విదేశీయుడు కంపెనీ పెట్టి వ్యాపారం చేయాలంటే స్థలం, భవనాల విలువ తీసేసి పెట్టుబడి ప్రణాళిక 1000 కోట్ల రుపియాలు దాటాలి, మన లెక్కలో 5 కోట్ల పైమాటే. 2025లో చెల్లించాల్సిన మూలధనాన్ని 250 కోట్ల రుపియాలకు తగ్గించారు గానీ మొత్తం పెట్టుబడి పరిమితి అలాగే ఉంది. నివాసానికి హక్ పాకై అనే వినియోగ హక్కు విదేశీయుడి పేరు మీదే వస్తుంది, 30 ఏళ్లు, తరవాత 20, తరవాత 30. కానీ దానికి సరైన ఇమిగ్రేషన్ పత్రాలు ఉండాలి, ఇల్లు ఆ రాష్ట్రానికి పెట్టిన కనీస ధర దాటాలి, స్థలం 2000 చదరపు మీటర్లు మించకూడదు. అంటే 20 ఆర్లు, దాదాపు అరెకరం. మీ 60 ఆర్లు ఎకరంన్నర దగ్గర, అదీ వ్యవసాయ భూమి. కుదరదు. పొలం లీజు కూడా నేను సలహా ఇవ్వను, విదేశీయుడికి చట్టం ఇచ్చిన అద్దె హక్కు కట్టడాల కోసం ఉద్దేశించింది, జీడిచెట్ల కోసం కాదు.

ఉండటం సంగతికొస్తే, ఎయిర్‌పోర్టులో 5 లక్షల రుపియాలకు ఇచ్చే వీసా 30 రోజులు, మరో 30 రోజులు పొడిగిస్తారు, అంతే. గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపియాల జరిమానా, 60 రోజులు దాటితే పంపించేసి మళ్లీ రాకుండా నిషేధం. ఆ వీసా మీద ఉంటూ తోట పని చేయించినా, జీడిపిక్కలు అమ్మినా అది అనుమతి దుర్వినియోగం, 2011 ఇమిగ్రేషన్ చట్టం 122వ నిబంధన ప్రకారం ఐదేళ్ల దాకా జైలు. పల్లె కదా ఎవరు చూస్తారనుకోకండి. పల్లెలోనే అందరూ చూస్తారు, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క విదేశీయుడు మీరే.

మన వైపు కూడా ఒక ముక్క. ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపొచ్చు, 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు, మీ 40 లక్షలకు 6 లక్షలు, తరవాత రిటర్నులో సర్దుకోవచ్చు. ఇబ్బంది అది కాదు. ఫారంలో దేనికోసం పంపుతున్నారని రాస్తారు? స్థలం కొనడానికి అంటే స్థలం మీ పేరు మీద ఉండదు, బహుమతి అని రాస్తే అబద్ధం. విదేశీ మారక చట్టం ఫెమా కింద జరిమానా పంపిన మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండొచ్చు, విదేశీ ఆస్తిని రిటర్నులో చూపకపోతే నల్లధనం చట్టంలో మరో 10 లక్షలు. ఓడలో ఉండగా ఎన్నారై హోదాలో సంపాదించి విదేశీ ఖాతాలోనే ఉంచిన డబ్బయితే పంపే లెక్క వేరు, అయినా ఆ తోట మీది కాదన్న సంగతి మారదు.

నన్నడిగితే మీ ప్లానులో బలం పలాసలో ఉంది, ఫ్లోరెస్ నేలలో లేదు. ఆ దీవిలో జీడి పండుతుంది, మీ ఊరు బతికేదే జీడిపప్పు ఫ్యాక్టరీల మీద. ఇక్కడ ఎగుమతి దిగుమతుల కోడ్ తీసుకుని, అక్కడ లైసెన్సున్న ఎగుమతిదారు నుంచి పచ్చి పిక్క కొనండి, సరుకు చూసి బేరమాడటానికి వెళ్లొచ్చేందుకు ఆ 30 రోజుల వీసా సరిపోతుంది. మీ స్నేహితుడి బంధువులు పిక్కను ఆ ఎగుమతిదారుకు అమ్ముకుంటారు. ఎవరి పేరు మీదా ఏమీ దాచక్కర్లేదు. ఊళ్లో ఉండాలనిపిస్తే ఆ చిన్న ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకోండి, వెళ్లగానే ఊరి ఆఫీసులో పేరు రాయించుకోండి.

3 లక్షల బయానా సంగతి ఇప్పుడే తేల్చుకోండి, ఇంకా స్నేహం చెడలేదు, అమ్మకం జరగలేదు. తోట కొనడం మానుకుంటున్నాను, బయానా తిరిగివ్వు, కుదరకపోతే అందులో ఇంటి అద్దె పోను మిగతాది ఫలానా తేదీకి ఇవ్వు అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి. ఒప్పుకుంటే అతనితో కాదు, ఆ ఇంటి అసలు యజమానితో అద్దె ఒప్పందం రాయించుకోండి. అది ఇండోనేషియా భాషలో కూడా ఉండి తీరాలి, 2009 నాటి 24వ నంబరు చట్టం అలాగే చెబుతోంది, ఒక్క ఇంగ్లీషులో రాసిన ఒప్పందాలను అక్కడి కోర్టులు రద్దు చేశాయి. రసీదు మీద 10,000 రుపియాల మెతెరాయి స్టాంపు అంటించి సంతకం దాని మీద పడేలా పెట్టించుకోండి, ఆ స్టాంపు పోస్టాఫీసులో దొరుకుతుంది. రసీదులో తోట మాట ఎక్కడా రాకూడదు. పాత బయానా కాగితం ఉంటే చించకండి, రద్దయినట్టు ఇద్దరూ దాని మీదే రాసి, ఫొటో తీసి నాకు పంపండి.